స్లాబు వేడి: ఏ పని మనది, ఏ పని మేస్త్రీది

బొగ్గుబాయిలో వేడికి చట్టం ఉంది. 2017 నాటి బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పనిచేసే చోట తడిబల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదు. 30.5 దాటిందంటే అక్కడ గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో పారుతుండాలి. తడిబల్బు అంటే థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి చూసే కొలత. గాలి ఎంత వేడిగా ఉందో చెప్పడంతో పాటు, ఆ గాలిలో చెమట ఆరి ఒళ్ళు చల్లబడే వీలు ఎంత ఉందో కూడా చెబుతుంది. గనిలో దాన్ని కొలిచే మనుషులున్నారు, హద్దు దాటితే అడిగే అధికారులున్నారు. అదే కార్మికుడు నైట్ షిఫ్టు దిగి, ఇంటికొచ్చి స్నానం చేసి, నాలుగు ముద్దలు తిని, పొద్దున తొమ్మిదింటికి నడుం వాల్చే గదికి మాత్రం ఏ నిబంధనా లేదు. మే నెలలో ఆ గది పైకప్పు కాగడం సరిగ్గా ఆ వేళకే మొదలవుతుంది.

గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ, ఇటు రామగుండం, జ్యోతినగర్. 1960ల నుంచి సింగరేణి కంపెనీ బొగ్గుబాయిల చుట్టూ, 1983లో మొదటి యూనిట్ మొదలైన ఎన్టీపీసీ కరెంటు కేంద్రం చుట్టూ పెరిగిన ఊళ్ళివి. మే నెలలో 42, 43 డిగ్రీలు ఇక్కడ మామూలు సంగతి. 45 దాటే రోజులూ ఉంటాయి. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎండన పడి తిరిగేవాళ్ళకే వడదెబ్బ అనుకుంటాం గానీ, పగలంతా కాగిన ఇంట్లో రాత్రి కూడా ఒళ్ళు చల్లబడకపోతే ముసలివాళ్ళకు, పసిపిల్లలకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ఇంట్లోనే ప్రాణం మీదికొస్తుంది. షిఫ్టుల ఊళ్ళలో దీనికి తోడు ఇంకొకటుంది. ఇక్కడ ఏ వీధికి పోయినా పగలు నిద్రపోవలసిన మనుషులుంటారు. నిద్ర చాలకుండా మళ్ళీ రాత్రికి బాయిలోకి దిగినవాడి ఏమరుపాటు అతని ఒక్కడితో ఆగదు. ఇంటికప్పును కూడా గని భద్రతలో భాగంగానే చూడాలని నేననేది ఇందుకే.

కప్పు వేడిని తగ్గించే పనుల్లో కొన్ని ఇంటివాళ్ళే ఒక ఆదివారం పొద్దున చేసుకోగలిగినవి. కొన్ని సుతారి మేస్త్రీ చేయవలసినవి. ఇంకొన్ని ఇంజనీరును అడక్కుండా మేస్త్రీ కూడా ముట్టుకోకూడనివి. గీత ఎక్కడ గీయాలి? చాలామంది డబ్బు దగ్గర గీస్తారు. చవకైన పని మనం చేసుకుందాం, ఖరీదైన పనికి మనిషిని పిలుద్దాం అంటారు. నా లెక్క వేరు. చేసిన తప్పు పైకి కనిపించేదై, మళ్ళీ దిద్దుకోగలిగేదైతే ఆ పని మీరే చేయండి. తప్పు ఒక పొర కింద దాగిపోయి రెండు మూడు వానకాలాలు గడిస్తే గానీ బయటపడనిదైతే, తెలిసినవాళ్ళను పిలవండి. సున్నం సరిగా అంటకపోతే వచ్చే ఏడు గీకేసి మళ్ళీ వేసుకోవచ్చు. తడి ఆరని స్లాబు మీద షీట్లు పరిచి పైన కాంక్రీటు పోస్తే, లోపల సలాక తుప్పు పడుతోందన్న సంగతి పెచ్చులూడి మంచం మీద పడేదాకా తెలియదు.

ముందు వేడి ఎలా దిగుతుందో చూద్దాం. ఎండకాలం మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు ఉన్న స్లాబంటే 60 చదరపు మీటర్లు. దాని మీద పడేది 60 కిలోవాట్లు. ఏళ్ళ తరబడి ఎండకు, వానకు, బొగ్గు దుమ్ముకు నల్లబడిన స్లాబు అందులో మూడింట రెండు వంతులు పీల్చుకుందనుకుంటే 40 కిలోవాట్లు. కొత్తగా తెల్లపూత పూసిన స్లాబు 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి అది పీల్చేది 12 కిలోవాట్లే. పీల్చిందంతా గదిలోకి దిగదు. చాలా భాగం మళ్ళీ గాలికి, ఆకాశానికి పోతుంది. అయినా ఒక టన్ను ఏసీ గదిలోంచి తోడి బయట పోయగలిగేది మూడున్నర కిలోవాట్లేనని తెలిస్తే, స్లాబు రంగు ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

స్లాబులో మిగిలిన వేడి కాంక్రీటు గుండా కిందికి దిగుతుంది. కాంక్రీటు వేడిని మోస్తుంది, దాచుకుంటుంది కూడా. నాలుగైదు అంగుళాల మందం దాటి ఆ వేడి కింది ముఖానికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే పైభాగం ఒంటిగంటకో రెండింటికో మాడితే, కింద ఉన్నవాళ్ళకు అసలు సెగ సాయంత్రం నుంచి తగులుతుంది. పొద్దుగూకి బయట గాలి తిరిగాక కూడా ఇంట్లో ఫ్యాను వేడిగాలే కొడుతుంది. మన పెద్దవాళ్ళు ఎండకాలం రాత్రుళ్ళు డాబా మీద నీళ్ళు చల్లి పక్కలు వేసుకున్నది ఇందుకే. ఒక్క లీటరు నీరు ఆవిరవుతూ తనతో తీసుకుపోయే వేడి, ఒక యూనిట్ కరెంటులో దాదాపు మూడింట రెండు వంతులకు సమానం. నీళ్ళకు కరువు లేని ఇంటికి, పగుళ్ళు లేని స్లాబుకు అది ఇప్పటికీ మంచి ఉపాయమే.

వేడి దారికి అడ్డం వేసే పొరను ఇన్సులేషన్ అంటారు. థర్మోకోల్, ఎక్స్‌పీఎస్ షీటు, రాతి ఉన్ని, బూడిదతో చేసే తేలికపాటి ఏఏసీ ఇటుక, వీటన్నిటి కిటుకు ఒకటే. గొర్రెలకాపరి గొంగడిలాగా ఇవి గాలిని చిన్న చిన్న అరల్లో కదలకుండా పట్టి ఉంచుతాయి. కదలని గాలి గుండా వేడి చాలా నిదానంగా సాగుతుంది. 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ షీటు ఆపినంత వేడిని ఉత్త కాంక్రీటుతో ఆపాలంటే స్లాబు రెండు మీటర్లకు పైగా మందం ఉండాలి. అయితే ఆ గాలి అరల్లోకి తడి చేరిందంటే అంతా తారుమారవుతుంది. కదలని గాలి కంటే నీరు ఇరవై రెట్లకు పైగా వేడిని మోస్తుంది. రాతి ఉన్నిగానీ నాసిరకం థర్మోకోల్ గానీ ఒక వానకాలం నానిందంటే పెట్టిన డబ్బు పోయినట్టే. అందుకని ఇన్సులేషన్ మరమ్మతులో మొదటి పని వాననీటిది, వేడి పని దాని తర్వాత.

పని మొదలుపెట్టే ముందు వేడి ఎటునుంచి వస్తోందో కనుక్కోండి. దీనికి ఎవరినీ పిలవక్కర్లేదు. మీ పైన ఇంకో అంతస్తు ఉంటే స్లాబు మీద ఖర్చు దండగ, పడమటి గోడను, కిటికీలను చూడండి. పై అంతస్తైతే పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిదింటికి స్లాబు కింది ముఖం వేడిని, పడమటి గోడ వేడిని పోల్చండి. కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్ళకు వచ్చిన తుపాకీ థర్మామీటర్లలో కొన్నింటికి వస్తువుల వేడి చూపే మోడ్ కూడా ఉంటుంది, అది చాలు. స్టూలెక్కేటప్పుడు ఫ్యాను ఆపడం మరిచిపోకండి. గోడే ఎక్కువ కాలుతుంటే దాని ముందు గ్రీన్ నెట్టో, వెదురు తడకో, పందిరి మీదికి పాకే చిక్కుడు తీగో కాంక్రీటు పని కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఎండను గోడ తాకకముందే ఆపడం దాని సుగుణం. కిటికీకి లోపల వేసే పరదా కంటే బయట కట్టే తడక మేలు కావడానికి కూడా కారణం అదే.

తర్వాత స్లాబు ఆరోగ్యం. బాయిలో సపోర్టు పని చేసినవాళ్ళకు ఇది నేర్పనక్కర్లేదు. గనిలో పని చోటికి వెళ్ళగానే కప్పును కడ్డీతో కొట్టి వింటారు. గట్టి కప్పు ఖంగుమంటుంది, పొర విడిన కప్పు డొల్లగా మోగుతుంది. కొడుతూ రెండో చేతి వేళ్ళు కప్పుకు ఆనిస్తే ఆ అదురు వేళ్ళకు కూడా తెలుస్తుంది. ఇంట్లోనూ అదే పరీక్ష. గట్టి కర్ర చివరతో గది స్లాబును జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ పోండి. కళ్ళకు అద్దాలు పెట్టుకోండి, నెత్తిన డ్యూటీ టోపీ ఉంటే ఇంకా మంచిది. కొడుతున్న చోటికి సరిగ్గా కింద నిలబడవద్దు. డొల్లగా మోగిన చోటల్లా చాక్‌పీసుతో సున్నా చుట్టండి. ఒకటో రెండో, అరచేతి వెడల్పున ఉంటే ప్లాస్టరింగ్ వదిలి ఉండవచ్చు. సున్నాలు సలాక వెంబడి వరసగా సాగి, వాటి పక్కన తుప్పు మరకలు కూడా కనిపిస్తే లోపల ఇనుము ఉబ్బుతోందన్నమాట. తుప్పు తనకు పుట్టుకనిచ్చిన ఇనుము కంటే ఎక్కువ జాగా తీసుకుంటుంది, చుట్టూ ఉన్న కాంక్రీటును నెట్టి పగలగొడుతుంది. అలాంటి స్లాబుకు పైన ఏ రంగు పూసినా, కింద ఏ సీలింగు కట్టినా జబ్బును కప్పిపెట్టడమే అవుతుంది. ఆ ఇంటికి ముందు కావలసింది స్ట్రక్చరల్ ఇంజనీరు.

పగుళ్ళ సంగతి ఈ ప్రాంతంలో కొంచెం విడిగా చెప్పాలి. ఓపెన్‌కాస్టు గనుల పక్కన గోడ పగిలితే బ్లాస్టింగ్ వల్లే అంటారు. ఆ మాటను కొట్టిపారేయడానికి లేదు. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997లోనే దీనికి హద్దులు పెట్టింది. గని యజమానివి కాని ఇళ్ళ దగ్గర పేలుడు వల్ల నేల కదిలే వేగం, ఆ అదురు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందన్న దాన్నిబట్టి, సెకనుకు 5 నుంచి 15 మిల్లీమీటర్ల లోపే ఉండాలి. కానీ పై అంతస్తు గోడ మీద, సరిగ్గా స్లాబు కిందే అడ్డంగా సాగే పగులు చాలా ఇళ్ళలో ఎండ చేసిన పని. పది మీటర్ల స్లాబు 35 డిగ్రీలు వేడెక్కితే సుమారు మూడున్నర మిల్లీమీటర్లు సాగుతుంది, రాత్రికి మళ్ళీ ముడుచుకుంటుంది. కింద ఉన్న గోడ అంత సాగదు. రోజూ జరిగే ఈ పెనుగులాటలో రెండూ కలిసే చోట గీత పడుతుంది.

ఏది ఎండ పనో, ఏది నేల కదలికో తేల్చడానికి పెన్సిల్ చాలు. పగులు రెండు కొసల దగ్గర అడ్డగీత గీసి పక్కన తేదీ రాయండి. మధ్యలో సన్నని అద్దం ముక్కను పగులుకు రెండు పక్కలా అంటించండి. కాలాన్నిబట్టి పగులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటే అనుమానం వేడి మీదికి పోతుంది. అద్దం పగిలి, గీతలు దాటి పగులు ఒకే దిక్కున పెరుగుతూ, కింది అంతస్తులోనూ కిటికీ మూలల నుంచి ఏటవాలుగా కనిపిస్తే అది నేలదో పునాదిదో కావచ్చు, ఇంజనీరు చూడాలి. కంపెనీకి ఫిర్యాదు చేయాలన్నా ఆ గీతలు, తేదీలు, ఫొటోలే మీ సాక్ష్యం. ఎండకు కదిలే పగులును ఉత్త సిమెంటుతో నింపకండి, వచ్చే ఎండకాలానికి మళ్ళీ విడుతుంది. సాగే గుణమున్న సీలెంట్ నింపాలి.

స్లాబు గట్టిగా ఉందని తేలితే మీ చేతి పని మొదలవుతుంది. అది తెల్లపూత. ముందు డాబాను వైరు బ్రష్షుతో గీకి, పాచి, ఊడే పొరలు పోయేదాకా కడగాలి. కడిగిన నీళ్ళు ఎటు పోతున్నాయో గమనించండి. అరగంట తర్వాత కూడా ఎక్కడైనా మడుగు నిలిచిందంటే అక్కడ వాటం చెడిందని అర్థం. వాటం సరిచేయడం మేస్త్రీ పని, దాన్ని మీరు సిమెంటు పాలతో దిద్దబోకండి. పిట్టగోడ, స్లాబు కలిసే మూలనే చాలా ఇళ్ళు ఉరుస్తాయి కాబట్టి ఆ మూలను ప్రత్యేకంగా చూడాలి. సున్నం వాడేట్టయితే బజారులో దొరికే పొడి సున్నం మేలు. రాతి సున్నం నీళ్ళు పడగానే కుతకుతలాడుతుంది, చిట్లి కంట్లో పడితే చూపు పోతుంది. పొడి సున్నాన్ని ముందు రాత్రి నానబెట్టి, గుడ్డలో వడపోసి, అంటుకోవడానికి కొంచెం ఫెవికాల్ కలిపి, పొద్దున ఎండ ఎక్కకముందే, తడిపిన స్లాబు మీద పలుచగా వేయండి. అది ఆరాక రెండోది, వీలైతే మూడోది. ఒకేసారి మందంగా వేస్తే పొక్కులై లేస్తుంది. సున్నం గట్టిపడేది ఉత్త ఆరడం వల్ల కాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా మారడం వల్ల. దానికి తేమ కావాలి, అందుకే మిట్టమధ్యాహ్నం వేసిన సున్నం పొడిపొడిగా రాలుతుంది. కొందరు పట్టు కోసం ఉప్పు కలుపుతారు. స్లాబు మీద ఆ పని వద్దు. ఉప్పులోని క్లోరైడు పగుళ్ళ గుండా దిగి సలాకకు తుప్పు తెస్తుంది.

సున్నం ఒకటి రెండు వానకాలాలకు కొట్టుకుపోతుంది. యాక్రిలిక్ కూల్ రూఫ్ పెయింట్ కొన్నేళ్ళు నిలుస్తుంది, ఖరీదు ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పుడు చదరపు మీటరుకు 300 రూపాయల దాకా అవుతుందని అప్పటి మంత్రి కేటీఆర్ చెప్పారు. మన 60 చదరపు మీటర్ల ఇంటికి ఆ లెక్కన 18,000. ఫలితం ఉంటుందా అంటే, హైదరాబాద్‌లోనే కొలిచి చూశారు. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కలిసి ఏసీ భవనాల మీద చేసిన ఆ అధ్యయనంలో, మామూలు కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే ఏడాదికి చదరపు మీటరుకు 13, 14 యూనిట్ల కరెంటు మిగిలింది. చల్లబరచడానికి అయ్యే కరెంటులో అది 10 నుంచి 19 శాతం. ఏసీ లేని ఇంట్లో ఆ మిగులు కరెంటు బిల్లులో కనిపించదు, నిద్రలో కనిపిస్తుంది.

హైదరాబాద్ లెక్కను ఉన్నదున్నట్టు గోదావరిఖనికి తెచ్చుకోలేం. ఇక్కడ బొగ్గు దుమ్ము ఉంది. తెల్లపూత పనిచేసేది తెల్లగా ఉన్నంత కాలమే. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు పక్క ఇళ్ళ డాబాల మీద ఒక్క వేలు ఆనించి చూడండి, కొస నల్లబడుతుంది. తెల్లని కప్పుల మీద మసి, దుమ్ము పేరుకుని వెలుగును తిప్పికొట్టే గుణం తగ్గుతుందని, నీళ్ళతో తోమి కడిగితే ఆ గుణం చాలావరకు తిరిగి వస్తుందని బర్కిలీ పరిశోధకులే చూపారు. కాబట్టి ఈ ఊళ్ళలో తెల్లపూత ఒక్కసారి వేయించి మరిచిపోయే పని కాదు. మార్చిలో ఒకసారి, మే మొదట్లో ఒకసారి డాబాను చీపురుతో తోమి కడగాలి. ఈ కడిగే పని ఏ కాంట్రాక్టరూ ఏటా వచ్చి చేయడు. ఎంత ఖరీదైన పూతైనా ఇక్కడ ఇంటివాళ్ళ చేతి మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే మెరుపు ఎక్కువ, నునుపు ఎక్కువ ఉండి దుమ్ము తేలిగ్గా పోయే పూతను ఎంచుకోమని చెబుతాను.

రేకుల ఇళ్ళకు వేరే జాగ్రత్త. రేకుకు మందం లేదు కాబట్టి ఎండ ఎక్కిన నిమిషాల్లోనే సెగ కిందికి కొడుతుంది. పైన తెల్లపూత ఇక్కడ కూడా పనికొస్తుంది. తాటికమ్మలో, గడ్డో కప్పడం మంచిదే గానీ నిప్పు భయం చూసుకోవాలి. అసలు ప్రమాదం సిమెంటు రేకుల్లో ఉంది. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. దాన్ని కోసినా, రంధ్రం వేసినా, వైరు బ్రష్షుతో గీకినా కంటికి కనిపించని పోగులు గాలిలో కలుస్తాయి. ఊపిరితిత్తుల్లో చేరాయంటే అవి బయటికి రావు. ఇరవై, ముప్పై ఏళ్ళ తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు. గనిలో దుమ్ముతో ఊపిరితిత్తులు ఏమవుతాయో ఇక్కడివాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కాబట్టి సిమెంటు రేకును గీకకండి. మెల్లగా తడిపి, మెత్తటి గుడ్డతో తుడిచి, దాని మీదే పూత వేయండి. పగిలిన రేకును తడిపి, ముక్కలు చేయకుండా దింపడం తెలిసినవాళ్ళతో చేయించండి. రేకు మీద కాలు పెట్టడం మాత్రం ఎవరికైనా ప్రమాదమే, కింద దూలం ఉన్న వరసలో పలక వేసుకునే నడవాలి.

రేకు కింద, స్లాబు కింద థర్మోకోల్ అంటించడం ఈ మధ్య బాగా పెరిగింది. చవక, తేలిక, యూట్యూబ్‌లో చూసి ఎవరైనా చేయొచ్చు. నేను మాత్రం వద్దంటాను. మంట తగిలితే థర్మోకోల్ కరిగి బొట్లు బొట్లుగా మండుతూ పడుతుంది, నల్లని విషపు పొగ వస్తుంది. ఇంకొక సంగతి చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా పట్టించుకోరు. కరెంటు వైర్ల పీవీసీ తొడుగు థర్మోకోల్‌ను ఆనుకుని ఉంటే ఆ తొడుగును మెత్తగా ఉంచే నూనెలు థర్మోకోల్‌లోకి పోయి, కొన్నేళ్ళకు తొడుగు బిరుసెక్కి పగులుతుంది. దాని పైన సీలింగు మూసి ఉంటుంది కాబట్టి ఎవరికీ కనిపించదు. దాగిపోయే తప్పు అని ముందు అన్నది ఇదే. ఫాల్స్ సీలింగు కావాలనుకుంటే జిప్సం బోర్డు, పైన రాతి ఉన్ని, వైర్లన్నీ పైపుల్లో, పనివాళ్ళతోనే. మెరిసే అల్యూమినియం రేకు వేసేట్టయితే దానికీ కప్పుకూ మధ్య కనీసం అంగుళం గాలి జాగా వదలాలి. స్లాబుకు అంటించిన రేకు వేడిని తిప్పికొట్టలేదు, మెరుపు ముఖానికి ఎదురుగా గాలి ఉంటేనే అది పనిచేస్తుంది. ఆ ముఖం కిందికి ఉంచితే దుమ్ము పట్టదు.

ఇక బరువు. స్లాబు మీద ఇటుక ముక్కలు, సున్నం పరిచే పాతకాలపు పద్ధతి వేడికి, వాటానికి రెండింటికీ మంచిదే. కానీ నాలుగంగుళాల పొర చదరపు మీటరుకు దాదాపు 200 కిలోలు తూగుతుంది. మన లెక్కలోని ఇంటికి అది 12 టన్నులు. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాలు లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు 150 కిలోల దగ్గర ఉంటుంది. అంటే ఇల్లు కట్టినప్పుడు ఆ పొరను లెక్కలో వేసి ఉండకపోతే, ఇప్పుడు దాన్ని మోయమనడం స్లాబును పరీక్షించడమే. జానెడు మట్టి పోసి మిద్దెతోట వేయడం ఇంతకంటే బరువు, వానకు తడిస్తే మరీను. ఎక్స్‌పీఎస్ షీటు తేలికే అయినా దానిపైన పోసే కాంక్రీటుకు బరువుంది. ఇలాంటివి ఏది చేయించాలన్నా ముందు ఇంజనీరు సంతకం తీసుకోండి. మేస్త్రీ ఎంత అనుభవజ్ఞుడైనా బయటి నుంచి చూసి లోపలి సలాకను లెక్కపెట్టలేడు.

పని ఇచ్చేటప్పుడు మేస్త్రీని రెండు మాటలడగండి. "అన్నా, మొదలు నీళ్ళు నిలబెట్టి చూపిస్తవా?" అన్నది మొదటిది. నీటి గొట్టాలు మూసి, స్లాబు మీద అంగుళం నీళ్ళు ఒక రోజంతా నిలబెట్టి కింద చెమ్మ వస్తోందేమో చూడటం ఇన్సులేషన్‌కు ముందు ఒకసారి, వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక, పైపొర వేయకముందు మరొకసారి జరగాలి. వద్దులే అన్నవాడికి పని ఇవ్వకండి. రెండోది పొరల వరస. వాటర్‌ప్రూఫింగ్ కింద ఉంటుందా, ఇన్సులేషన్ కింద ఉంటుందా, ఎందుకు? వరస ఏదైనా కారణం చెప్పగలిగినవాడే పని తెలిసినవాడు. ఏ పొరా కప్పకముందు ఫోనుతో ఫొటోలు తీసి పెట్టుకోండి.

మీది కంపెనీ క్వార్టరైతే స్లాబు మీది కాదు. డాబా ఊడ్చి, కడిగి, కిటికీ బయట తడక కట్టుకోవడం వరకు మీ చేతిలో ఉంది. పగులు, తుప్పు, చెమ్మ కనిపిస్తే చాక్‌పీసు సున్నాల ఫొటోలతో సివిల్ విభాగానికి రాసివ్వండి, నకలు మీద ముద్ర వేయించుకోండి. కూల్ రూఫ్ విధానం 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలని పెట్టుకుంది. ప్రభుత్వ భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది. 51 శాతం వాటా రాష్ట్రానిదే అయిన సింగరేణి తన వేలాది క్వార్టర్ల కప్పులను కూడా ఆ లెక్కలోనే చూడాలని అడగడం న్యాయమైన కోరిక. యూనియన్లు బోనస్, వైద్యం, ఇంటి స్థలాలతో పాటు స్లాబు తెల్లపూతను కూడా కోర్కెల పత్రంలో రాయాలి. ఎండకాలం వచ్చాక అడిగితే పనివాళ్ళు దొరకరు, లీకులు కనిపించవు. ఆ దరఖాస్తు ఫిబ్రవరిలోనే పెట్టండి.